సెస్నాలో మామూలు నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్ సరిపోతుందా?

ప్రయాణాల్లో వాడే నాయిస్ క్యాన్సలింగ్ (రొదను అణిచే) హెడ్‌ఫోన్‌నే పైలట్ శిక్షణలో సెస్నా 172 అనే చిన్న విమానంలోనూ వాడొచ్చా అని గన్నవరం నుంచి ఒకరు అడిగారు. వద్దండి. దానికి పెదవుల దగ్గరకొచ్చే మైకు ఉండదు, విమానం ఇంటర్‌కమ్‌కి తగిలే ప్లగ్గులూ ఉండవు. విమానాశ్రయ కంట్రోల్ టవర్ మాట సరిగ్గా వినపడకపోతే ప్రాణాల మీదికొస్తుంది.

ఏవియేషన్ హెడ్‌సెట్టే తీసుకోండి. చిన్న విమానాలకు సాధారణంగా రెండు విడి ప్లగ్గులు, హెలికాప్టర్లకు ఒకటే. ముందు అది చూసుకోండి.

వీటిలో బ్యాటరీతో నడిచే క్యాన్సలింగ్ రకంలో ఇంజను, ప్రొపెల్లర్ల బొంగురు రొదను ఎలక్ట్రానిక్స్ వ్యతిరేక తరంగంతో అణిచేస్తుంది. గాలి కీచుదనాన్ని మాత్రం చెవి చుట్టూ బిగిసే కుషనే ఆపాలి. అందుకే కొనేముందు బ్యాటరీ తీసేసి పెట్టుకుని చూడండి: అప్పుడూ రొద కొంత తగ్గాలి, రేడియో మాట వినపడాలి. కళ్లజోడు ఉంటే అది పెట్టుకునే పరీక్షించండి, లావు కాడల పక్క సందులోంచి రొద దూరుతుంది. బెజవాడ ఎండలకు అలవాటైన మనకైనా మూసిన కాక్‌పిట్‌లో చెవులు చెమటలు పడతాయి, కుషన్లకు గుడ్డ తొడుగులు వేయించండి.

డబ్బు చాలకపోతే డేవిడ్ క్లార్క్ కంపెనీ చేసే, బ్యాటరీ లేని మంచి హెడ్‌సెట్ చాలు. పేరులేని చవక క్యాన్సలింగ్ సెట్టు కన్నా నేను దాన్నే నమ్ముతాను.