నీ పాఠకులు కనిపెట్టేస్తే ఏమైంది?

హైదరాబాద్,
ఆదివారం.

అమ్మాయీ, ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆరు భాగాల కామిక్ స్క్రిప్టూ చదివాను. ఐదో భాగం దాకా రాత్రే అయిపోయింది. ఆరోది పొద్దున చదివాను. అప్పటి నుంచీ కోపంగా ఉంది. కోపం తగ్గాక రాస్తే మర్యాద మాటలు నాలుగు రాసి ఊరుకుంటానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

నేల కింద పారే నీటి చప్పుడు వినగలిగే పిల్ల అన్న ఊహ బాగుంది. లంగర్‌హౌజ్ గల్లీలు బాగున్నాయి. అన్నిటికంటే రంగయ్య బాగున్నాడు. గండిపేట జలాశయంలో గేట్లు ఎత్తే పని చేసి రిటైరైన ఆ ముసలాయన చేత రెండో భాగంలో ఒక మాట అనిపించావు: "గేటు ఎవడైనా ఎత్తుతడు బిడ్డా. ఎత్తే ముందు కింది బస్తీలకు కబురు పోయిందా లేదా చూసుకునుడే అసలు నౌకరి." 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆయన తాత అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి బతికాడు. మళ్లీ అలాంటిది జరగకూడదనే గండిపేట కట్టారు, 1920లో పూర్తయింది. ఈ చరిత్రంతా ఉపన్యాసం లేకుండా నాలుగు ప్యానెళ్ల బొమ్మల్లో పెట్టావు. నీ వయసులో నాకు అది చేతకాలేదు.

ఆ రంగయ్యనే ఆరో భాగంలో విలన్ని చేశావు. అర్ధరాత్రి కబురు పెట్టకుండా గేట్లు ఎత్తి బస్తీలను ముంచింది ఆయనేనట. మొదటి నుంచీ నాటకమేనట. అదే పేజీలో ఆ పిల్ల అన్నని చంపేశావు. ఎందుకు మార్చావో ఉత్తరంలో నువ్వే రాశావు. మొదట నీ కథలో దోషి అన్న. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లో మట్టి పోసే బిల్డర్ల కాగితాల మీద సంతకాలు పెట్టే ఇంజనీరు. మూడో భాగం చదివేసరికి మీ గ్రూపులో ఇద్దరు ముగ్గురు "అన్నే కదా" అనేశారు. దాంతో టెన్షన్ పడి ముగింపు మార్చేశావు. "ఇప్పుడు ఎవరూ ఊహించలేరు సార్" అని సంబరంగా రాశావు.

ఎవరూ ఊహించలేరు, నిజమే. నువ్వు కూడా ఊహించలేదు కదా మరి! నీకే తెలియని రంగయ్య వాళ్లకెలా తెలుస్తాడు?

వాళ్లు అన్నని ఎలా పట్టుకున్నారో ఒక్కసారి ఆలోచించు. మూడో భాగంలో మండు వేసవిలో, ఊరంతా ట్యాంకర్ల కోసం కొట్టుకుంటున్నప్పుడు, అతని బూట్లకు నల్లటి తడి మట్టి అంటుకుని ఉంటుంది. ఆ పిల్ల ఆ బూట్లు కడుగుతూ ఒక్క క్షణం ఆగుతుంది. మాట లేదు, బొమ్మ మాత్రమే. ఆ ప్యానెల్‌ని వాళ్లు గమనించారు, గుర్తుపెట్టుకున్నారు, దాని గురించి మాట్లాడుకున్నారు. ఒక రచయితకు ఇంతకంటే ఏం కావాలి? వాళ్లు నీ కథను శ్రద్ధగా చదివినందుకు నువ్వు వాళ్లకు శిక్ష వేశావు.

ఇది అమెరికా వాళ్లు ఎప్పుడో చేశారు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ ఏరుకొచ్చి చదివినవాణ్ణి, ఆ సంగతులు నాకు కొంత తెలుసు. 1991లో డీసీ అనే కామిక్స్ కంపెనీ 'ఆర్మగెడాన్ 2001' అని ఒక పెద్ద కథ నడిపింది. భవిష్యత్తులో ఒక హీరో నియంతగా మారతాడు, ముసుగు వేసుకుంటాడు, ఎవరతను అన్నదే కథ. వేసవి పొడుగునా పుస్తకం మీద పుస్తకం వచ్చింది. అతను కెప్టెన్ ఆటమ్ అన్న సంగతి ముందే బయటికి పొక్కింది. పొక్కగానే వాళ్లు చివర్లో ముసుగు కింద మనిషిని మార్చేసి హాక్ అనే వేరే హీరోని పెట్టారు. అంతకుముందు వాళ్లే వేసిన కథలతో అది పొసగలేదు. అన్ని పుస్తకాలూ కొన్నవాళ్లకు చేతిలో మిగిలిందేమిటి? ఆధారాలన్నీ ఒక మనిషిని చూపిస్తాయి, నేరం ఇంకొకరిది. తెలియనివాళ్లు ఆశ్చర్యపోయి ఉంటారేమో. తెలిసినవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ పేరెత్తితే తిట్టుకుంటారు.

నాకూ ఇలాంటిది జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. వారపత్రికల్లో సీరియల్స్ జోరుగా నడిచే రోజుల్లో ఒక పత్రికకు కాచిగూడ రైల్వే క్వార్టర్స్‌లో జరిగే హత్య కథ రాశాను. హంతకుడు ఎదురింటి కంపౌండర్. అతని వాచీ ఎప్పుడూ వెనక నడుస్తుందని మొదట్లోనే రాసిపెట్టాను. ఉత్తరాలు రావడం మొదలైంది. "కంపౌండరే కదండీ?" అని. నాకు పండగలా ఉండేది. ఎడిటర్‌గారు ఆ ఉత్తరాల కట్ట నా ముందు పడేసి, "అందరికీ తెలిసిపోయిందయ్యా, మార్చెయ్" అన్నారు. మార్చనన్నాను. చివరి భాగాలు ఇంకెవరి చేతో రాయించి నా పేరుతోనే వేశారు. చనిపోయినవాడి గుడ్డితల్లి హంతకురాలట, ఆమెకు అంతకాలం కళ్లు కనిపిస్తూనే ఉన్నాయట! నాకు రావాల్సిన డబ్బు కూడా ఇవ్వలేదు, కానీ నా బాధ అది కాదు.

జగిత్యాల వైపు నుంచి ఒక టీచరమ్మ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరుంది. "కంపౌండరని నాకు ఎప్పుడో తెలిసింది. ఎప్పుడు దొరుకుతాడా అని వారం వారం ఎదురుచూశాను. చివరికి నన్ను తెలివితక్కువదాన్ని చేశారు" అని. ఆమె ఎదురుచూసింది, చూశావా? తెలియడం వల్ల ఆమెకు కథ మీద ఆసక్తి పోలేదు, పెరిగింది. కంపౌండర్ ఆ ఇంట్లోకి నవ్వుతూ మందు గ్లాసు పట్టుకుని వచ్చినప్పుడల్లా ఆమె గుండె కొట్టుకుంది. పత్రికల వాళ్లకు ఇది అప్పుడూ అర్థం కాలేదు. ఇప్పుడు వెబ్ సిరీస్‌లు తీసే పిల్లలు నా దగ్గరికి వచ్చి, "ప్రతి ఎపిసోడ్ చివర ఒక షాక్ ఉండాలి సార్" అంటున్నారు. కథ ఏమిటని అడిగితే చెప్పరు. షాకులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు.

నేను పుట్టిన ఊళ్లో ఒగ్గు కథ రాత్రంతా చెప్పేవాళ్లు. ఎల్లమ్మ కథ తెలియనివాళ్లు ఆ వాడకట్టులో ఒక్కరూ లేరు. కొడుకే తల్లి తల నరుకుతాడని పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. అయినా పరశురాముడు గొడ్డలి ఎత్తే చోటికి కథ వచ్చేసరికి డోలు ఆగేది, ముసలమ్మలు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు. ఏడాది కిందట ఏడ్చినవాళ్లే మళ్లీ ఏడ్చేవాళ్లు. ఒగ్గు పూజారి ఎప్పుడైనా, "ఈసారి ఎవరూ ఊహించనట్టు చెప్తా, గొడ్డలి ఎత్తింది వేరేవాడు" అన్నాడా? అని ఉంటే ఊరివాళ్లు కథ మధ్యలోనే లేచిపోయేవాళ్లు.

ఇక రంగయ్య సంగతి. ఇది ముగింపు మార్చడం కంటే పెద్ద తప్పు.

కెప్టెన్ అమెరికా మొదటి సంచిక 1941 మార్చి తేదీతో వచ్చింది. అట్ట మీద అతను హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగనే లేదు. ఆ పాత్రను సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లు. వాళ్లకు ఆ దెబ్బ సరదా బొమ్మ కాదు. అలాంటివాడి చేత 2016 మేలో వచ్చిన సంచిక చివర "హెయిల్ హైడ్రా" అనిపించారు. హైడ్రా అంటే అతని శత్రువుల ముఠా. మొదటి నుంచీ వాళ్ల మనిషేనని! మా మనవడు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడు పుస్తకం నా ముందు పెట్టి, "తాతా, ఇది రాసినవాళ్లకు అసలు అతనెవరో తెలుసా?" అన్నాడు. తర్వాతి సంచికలోనే కారణం చెప్పారు, మహత్తు ఉన్న ఒక క్యూబ్‌తో శత్రువు అతని గతాన్నే మార్చేశాడని. కారణం దొరికింది సరే. కానీ ఒక నెలపాటు ఆ పిల్లవాడి మనసులో ఏం జరిగిందో దానికి క్యూబ్ జవాబు చెప్పదు. కథ ఆ మలుపుతో ఏదో పెద్ద విషయం చెప్పిందని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒక మనిషి ఎందుకు నిలబడ్డాడో అదే తీసేస్తే, ఇక మిగిలేది దుస్తులే.

రంగయ్య నిలబడింది ఆ ఒక్క మాట మీద. కింది బస్తీలకు కబురు పోయిందా లేదా. ఆ మాట అబద్ధమని తేలితే మొదటి ఐదు భాగాల్లో నేను ఆయనతో గడిపిన సమయమంతా అబద్ధమే. మళ్లీ చదవమంటే చదవలేను. మలుపు ఎలాంటిదో తెలుసుకోవడానికి నా దగ్గరున్న పరీక్ష ఇదొక్కటే: తెలిసిన తర్వాత వెనక్కి వెళ్లి చదివితే కథ ఇంకా లోతుగా కనిపించాలి. నీ పాత ముగింపుతో బూట్లు కడిగే ప్యానెల్ మళ్లీ చదివితే కడుపులో దేవినట్టుంటుంది. కొత్త ముగింపుతో అది ఉత్త బూట్లు.

చావుల గురించి ఎక్కువ చెప్పను. 1988లో బ్యాట్‌మన్ పక్కనుండే రాబిన్, ఆ జేసన్ టాడ్ అనే పిల్లవాడు బతకాలా చావాలా అని పాఠకులనే ఫోన్ చేయమన్నారు. ఒక్కో కాల్‌కి 50 సెంట్లు. చావాలని 5,343, బతకాలని 5,271. తేడా 72. చంపారు, 2005లో మళ్లీ తీసుకొచ్చారు. 1992 నవంబరులో సూపర్‌మన్‌ని చంపి నల్ల ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మారు, లక్షల కాపీలు పోయాయి. మరుసటి ఏడాదే అతను తిరిగొచ్చాడు. అప్పటి నుంచి కామిక్స్‌లో ఎవరు చచ్చినా పాఠకుడు ఏడవడు, ఎప్పుడు తిరిగొస్తాడని అడుగుతాడు. చావు మీద నమ్మకం పోయిన చోట ధైర్యం మీద కూడా నమ్మకం ఉండదు. నువ్వు అన్నని చంపిన పేజీలో ఆ పిల్ల ఒక్క ప్యానెల్ ఏడ్చి, వెంటనే రంగయ్యతో కొట్లాటకు దిగింది. నీకే ఆ చావు మీద నమ్మకం లేదు.

నేను షాకులకు విరోధిని అనుకోకు. 1973లో స్పైడర్‌మ్యాన్ 121వ సంచికలో అతను ప్రేమించిన గ్వెన్ స్టేసీ చనిపోతుంది. గెరీ కాన్వే రాశాడు. అట్ట మీదే చెప్పేశారు, స్పైడర్‌మ్యాన్‌కు దగ్గరివాళ్లలో ఒకరు చనిపోబోతున్నారని, ముఖాలు కూడా వేసి. దాచిపెట్టింది ఏముంది? విలన్ ఆమెను వంతెన మీద నుంచి తోస్తాడు. హీరో తన వల విసిరి కాలు పట్టుకుంటాడు. పట్టుకున్నాననే అనుకుంటాడు. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో మెడ విరిగిన చప్పుడు. కాపాడటానికి వేసిన వలే ఆ కుదుపు ఇచ్చింది. ఆ హీరో శక్తిలోనుంచే, ఆ హీరో ప్రేమలోనుంచే వచ్చిన దెబ్బ అది. అందుకే యాభై ఏళ్లు దాటినా మానలేదు. నీ పిల్లకు నీళ్లు వినిపిస్తాయి. మరి అన్న పాపం ఆమెకు ఎలా వినిపించాలి? ఎప్పటి నుంచి వినిపిస్తూ ఉండాలి? విని కూడా ఎన్నాళ్లు విననట్టు ఉంది? నీ షాక్ అక్కడ ఉంది, రంగయ్య ముసుగులో లేదు.

మీ గ్రూపువాళ్లు 'ఎవరు' అన్నది కనిపెట్టారు. 'ఎందుకు' అన్నది కనిపెట్టారా? నాలుగో భాగంలో అన్న ఆ పిల్లకు హెల్మెట్ కొనిస్తాడు, స్ట్రాప్ తనే బిగించి, లాగి చూసి మరీ పంపుతాడు. చెల్లెలి తల మీద అంత భయం ఉన్నవాడు, చెల్లెలు ఉండే బస్తీ మునుగుతుందని తెలిసే కాగితం మీద సంతకం ఎలా పెట్టాడు? ఇల్లు మారుద్దామని ఆమెను ఎప్పుడైనా బతిమాలాడా? డబ్బు కోసమా, పైఅధికారి భయమా, మునగదులే అన్న నిర్లక్ష్యమా? నాకు తెలియదు, నీ పాఠకులకూ తెలియదు. తెలుసుకోవడానికి ఆరో భాగం తెరిచాను. నువ్వు అతన్ని నోరు తెరవనివ్వకుండా చంపేశావు.

ఆర్టిస్టుకు పేజీకి ఎంత ఇవ్వాలి, కామిక్ కాన్‌లో స్టాల్ తీసుకోవాలా, ఇంగ్లిష్‌లో కూడా రాయాలా అని ఏవేవో అడిగావు. ఆరో భాగం కుదిరాక చూద్దాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను, ఎవరు చెప్పినా రంగయ్య భాష మార్చకు. "చూసుకునుడే" అన్నదాన్ని "చూసుకోవడమే" అని దిద్దేవాళ్లు తప్పకుండా వస్తారు. నాకు వచ్చారు.

పాత ఆరో భాగం చింపేయలేదు కదా? అది పంపు. దాంట్లో అన్న సంతకం పెట్టిన రోజు ఒక్కటి కొత్తగా రాసి కలుపు, పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునేదాకా. రంగయ్యను ఆ రోజు ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది. ఆ గ్రూపువాళ్లకు కూడా అదే పంపు, "మీరు చెప్పిందే నిజం" అని ముందే చెప్పి మరీ పంపు. ఫోన్‌లో నేను చదవలేను, ప్రింటు తీసి పోస్టులో వెయ్యి.

ఆశీస్సులతో.