అమ్మలూ, ఆ కబోర్డు తలుపులు తెరిచి పెట్టమను

అమ్మలూ,

పాప గది సిద్ధమైందని మీ అమ్మ చెప్పింది. గోడ పొడవునా కబోర్డు, కొత్త మంచం, కింద తివాచీ, అన్నీ అల్లుడు దగ్గరుండి చేయించాడట. నువ్వింకా పుట్టింట్లో ఉండగానే హైదరాబాదులో ఒక్కడే అంత పని చేయించాడంటే ముచ్చటేసింది. అంతలోనే మీ అమ్మ ఇంకో మాట అంది: "గది తలుపు తీస్తే చాలు, కమ్మగా కొత్త వాసన అన్నయ్యా" అని. నాకు గుబులు పుట్టింది ఆ వాసన గురించే. శ్రావణంలో పాపను తీసుకెళ్తావు. చేతిలో ఆరు వారాలున్నాయి. ఇవాళే మొదలుపెడితే చాలా పని అవుతుంది.

ముందు గాలి. కబోర్డు తలుపులన్నీ బార్లా తీసి, సొరుగులు బయటికి లాగి, టేబుల్ ఫ్యాన్‌ను కిటికీకి ఎదురుగా గాలి బయటికి కొట్టేలా పెట్టమను. ఎదురుగా ఉన్న తలుపు తెరిచి ఉండాలి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఏసీ వేస్తున్నాం కదా అంటాడేమో. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు.

అసలు సంగతి బోర్డులో ఉంది. చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డుకీ, చెక్కపీచుతో అలాగే చేసే ఎండీఎఫ్‌కీ, మామూలు ఎంఆర్ రకం ప్లైవుడ్‌కీ ఎక్కువగా వాడే జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. వేడి తగిలినా తేమ తగిలినా ఆ జిగురు కొంచెం కొంచెంగా విరిగి, కళ్ళనీ గొంతునీ మండించే ఫార్మాల్డిహైడ్ ఆవిరిని వదులుతుంది. నీటికి తట్టుకునే రకమని ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైలో వాడే ఫినాల్ జిగురు అంత తేలిగ్గా విరగదు, అందుకే దాని నుంచి వచ్చేది బాగా తక్కువ. బోర్డు మీద ఈ1 అనో ఈ0 అనో, ఆవిరి ఎంత వదులుతుందో చెప్పే ముద్ర ఉందేమో చూడమను. ఈ1 అంటే బోర్డును పరీక్షించే ప్రత్యేక గదిలో ఘనమీటరు గాలికి 0.124 మిల్లీగ్రాములు దాటకూడదని. ఇంట్లో గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఘనమీటరుకు 0.1 మిల్లీగ్రాము. అంటే ఈ1 బోర్డైనా చిన్న గదిలో ఎక్కువ వాడి, కిటికీలు మూసేస్తే హద్దు దాటొచ్చు. ముద్ర చూసి నిశ్చింతగా పడుకోవద్దు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే అల్లుడి కార్పెంటరు కూడా అదే చేసి ఉంటాడని నా అనుమానం. మా పెద్దోడి ఇంట్లో కబోర్డులకు బయట ఒక మిల్లీమీటరు మైకా వేయించి, లోపల ఎవరు చూస్తారులే అని ఒట్టి బోర్డు వదిలేయించాను. షీటుకు ఇంత మిగిలిందని సంబరపడ్డాను కూడా. శీతాకాలంలో పని అయింది, రెండు నెలల్లో వాసన పోయింది, అందరం మరిచిపోయాం. ఆషాఢంలో ముసురు పట్టగానే మళ్ళీ వచ్చింది. మడత పెట్టిన బట్టలు తీస్తే కళ్ళు మండేవి. వాసన పోయిందంటే ఆవిరి అయిపోయినట్టు కాదు. చలికి, పొడికి తగ్గి, తేమ రాగానే మళ్ళీ లేచింది. బట్టలు కూడా దాన్ని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. పైగా ఒకవైపే మైకా ఉన్న తలుపులు వంగిపోయాయి, అది వేరే నష్టం.

మైకా ఆవిరిని బాగానే ఆపుతుంది, కానీ అతికిన చోటే. తప్పించుకునే దారులు ఎక్కడుంటాయో వినిపించు అల్లుడికి. గోడ వైపున్న వెనక షీటు, అది సాధారణంగా మైకా వెయ్యని ఒట్టి బోర్డే, పైగా గోడ తేమ దానికే తగులుతుంది. అల్మారా పలకల వెనక అంచులు, అక్కడ అంచును కప్పే పట్టీ, అదే ఎడ్జ్ బ్యాండ్, వెయ్యరు. హింజ్, అంటే తలుపు కీలు, కోసం తవ్విన 35 మిల్లీమీటర్ల గుంటలు, పలకలు ఎత్తు మార్చుకోవడానికి వేసిన వరస బెజ్జాలు, కరెంటు తీగ కోసం కోసిన రంధ్రం, సొరుగు అడుగు. కోసిన అంచు నుంచి వచ్చేంత ఆవిరి నున్నటి పైభాగం నుంచి రాదు.

వీటన్నిటికీ లక్క పాలిష్ పట్టించాలి. రెండు వందల గ్రాముల లక్క రేకుల్ని లీటరు స్పిరిట్‌లో ఒక రాత్రి నానబెట్టి, బట్టతో వడగట్టి, కుంచెతో మూడు పూతలు. పూతకీ పూతకీ గంట ఎడం. ముసురు రోజున వెయ్యకూడదు, తెల్లగా పొగబారుతుంది. స్పిరిట్ గనక దగ్గర్లో పొయ్యి, దీపం, సిగరెట్టు ఏవీ ఉండకూడదు. ఆ వాసన రెండు మూడు రోజుల్లో పోతుంది. మెలమైన్ పాలిష్ వెయ్యనివ్వకు, అది ఆరేటప్పుడు అదీ ఫార్మాల్డిహైడే వదులుతుంది. మీ అమ్మమ్మ టేకు బీరువాకి ఉన్నది లక్క పాలిషే. దాని తలుపు తీస్తే చీరల వాసన తప్ప ఇంకేం వచ్చేది కాదు, గుర్తుందా?

తివాచీ తిరగేసి చూడమను. వెనక గుడ్డ అంటించి రబ్బరు పూత ఉంటే అది టఫ్టెడ్ రకం, కొత్త తివాచీ వాసన చాలావరకు ఆ పూతదే. వరండాలో నీడన వారం ఆరేయాలి. నన్నడిగితే తీసి పక్కన పెట్టి వరంగల్ జంపఖానా పరవమంటాను. ఒట్టి నూలు నేత, వెనక జిగురు ఉండదు, ఉతుక్కోవచ్చు. ఫోమ్ పరుపైతే కవరు విప్పి రెండు వారాలు నిలబెట్టాలి. కర్టెన్లు, పరుపు, జంపఖానా అన్నిటికన్నా ఆఖరున గదిలోకి రావాలి.

ఇప్పుడు మీ అమ్మకి కోపం వచ్చే మాట. కొత్త కబోర్డులో కలరా ఉండలు వెయ్యొద్దు! అవి నాఫ్తలీన్, అదీ ఆవిరే. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పసిబిడ్డకు ఆ బట్టలు కడితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదరొచ్చు. లోపం ఉందో లేదో చాలా ఇళ్ళలో తెలియనే తెలియదు. వాసన పోవడానికని సాంబ్రాణి, అగరొత్తులు, స్ప్రేలు కూడా వద్దు. పొగ మీద పొగ చేరుతుంది, అంతే. వాసన పోగొడుతుందని అమ్మే ఓజోన్ మిషన్ అసలు తేనే వద్దు.

మనీ ప్లాంటు కుండీలు పెడతాడట, పెట్టనీ, అందానికి. గాలి శుభ్రం చేసే ప్యూరిఫయర్‌లో హెపా ఫిల్టరు ఒక్కటే ఉంటే దుమ్ము పడుతుంది, ఆవిరి పట్టదు. గాలిలో ఆవిరి కొలిచే తక్కువ ధర మీటర్లు హ్యాండ్ శానిటైజర్‌కి కూడా కేకలు పెడతాయి. వాటి అంకె చూసి బెంబేలెత్తొద్దు.

నా పరీక్ష ఇది. రాత్రి గది, కబోర్డు, కిటికీలు అన్నీ మూసేసి, ఫ్లాట్‌లో ఉండని మనిషిని పొద్దున పిలిచి, లోపలికి రమ్మనాలి. అక్కడే ఉండే ముక్కు అలవాటుపడి అబద్ధం చెప్తుంది. కళ్ళు చురుక్కుమన్నా, గొంతు గరగరలాడినా, పాపను ఆ గదిలోకి ఇంకా తీసుకెళ్ళకు. హాల్లో మా అమ్మ చీరతో ఉయ్యాల కట్టుకో, అంతవరకు ఏమీ కాదు.

అల్లుడిని కబోర్డు ఎడమ తలుపు తీసి, హింజ్ గుంట దగ్గరా, పలక వెనక అంచు దగ్గరా టార్చి వేసి ఫొటోలు పంపమను. గోధుమరంగు పొట్టులాంటి బోర్డు కనిపిస్తే లక్క నేనే తీసుకుని ఆదివారం బయల్దేరతాను. కుంచె అక్కడ కొంటాను.

మీ మామయ్య