లేబుల్ లేని మోటార్ గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, తీరిగ్గా చదివాను. కడప పాత సామాన్ల కొట్లలో దొరికే, లేబుల్ ఊడిపోయిన గేర్ మోటార్ల తిప్పే సత్తువని, అంటే టార్క్‌ని ఇంట్లోనే ఎలా కొలవాలో తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు ఎంతో నచ్చింది. ఇలాంటివి మన పిల్లలకు చాలా అవసరం. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మొదటి పేజీ తీసెయ్. న్యూటన్ సూత్రాలు దాటి మోటార్ దగ్గరికి వచ్చేసరికి చదివే కుర్రాడికి ఓపిక అయిపోతుంది. వాడు ఏ పాలిటెక్నిక్‌లోనో చదువుతుంటాడు, చేతిలో మోటార్ ఉంది, అది తన రోబోను లాగుతుందో లేదో తెలియాలి. టార్క్ అంటే ఏమిటో చెప్పడానికి రెండు ముక్కలు చాలు: పంక్చర్ షాపులో బిగుసుకుపోయిన నట్టు విప్పడానికి పానాకు పైపు తొడుగుతారు కదా, బలం అదే, దూరం పెరిగింది. బలాన్ని దూరంతో గుణిస్తే టార్క్.

గుణిస్తే అన్నాను, గమనించు. నువ్వు ఒకచోట ‘4 కేజీలు’ అనీ, ఇంకోచోట ‘సెంటీమీటరుకు 4 కేజీలు’ అనీ రాశావు. అమ్మేవాళ్ల జాబితాల్లో కూడా మధ్యలో భాగహారం గీత కనిపిస్తూ ఉంటుంది. సరైనది కేజీ-సెంటీమీటర్. 1 కేజీ-సెం.మీ. అంటే దాదాపు 0.098 న్యూటన్-మీటర్.

నీ వ్యాసానికి ప్రాణం వంటింటి కాటా పద్ధతి. దాన్ని నాలుగు లైన్లలో ముగించేశావు, అక్కడే ఆగి రాయి. మోటార్‌ని బల్లకు క్లాంప్‌తో బిగించాలి. షాఫ్ట్‌కు (మోటార్‌లో తిరిగే కడ్డీకి) ఒక పట్టీ జారకుండా తగిలించాలి. పట్టీ చివర కిందికి ఒక స్క్రూ దిగేస్తే కాటాను తాకే చోటు ఒకటే ఉంటుంది, షాఫ్ట్ మధ్య నుంచి అక్కడికి అడ్డంగా సరిగ్గా 10 సెం.మీ. ఉండేలా చూడాలి. పట్టీ కాటా మీద ఆనుకున్నాక టేర్ నొక్కి సున్నా చేయాలి, లేకపోతే పట్టీ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు కరెంటు ఇస్తే కాటా 400 గ్రాములు చూపించిందనుకో, 0.4ని 10తో గుణించి 4 కేజీ-సెం.మీ. ఇది మోటార్ కదలకుండా ఆగిపోయినప్పటి టార్క్, అంటే స్టాల్ టార్క్. ఒకటి రెండు సెకన్లకు మించి అలా ఉంచొద్దని పెద్ద అక్షరాల్లో రాయి. పసుపు రంగు బీఓ (బ్యాటరీతో నడిచే చిన్న) మోటార్లలో ప్లాస్టిక్ గేర్లు పళ్లు ఊడిపోతాయి, గేర్లు నిలబడినా లోపలి రాగి తీగ చుట్ట మాడిపోతుంది.

ఇక నేను నీకు చెప్పాలనుకున్న అసలు విషయం. ఏ అంకె రాసినా, అది ఏ పరిస్థితిలో వచ్చిందో పక్కనే రాయాలి. ఎన్ని వోల్టుల దగ్గర వచ్చింది? ఆ వోల్టులు కూడా బ్యాటరీ మీద ముద్రించినవి కావు, మోటార్ ఆగిపోయి ఉన్నప్పుడు దాని తీగల దగ్గర మల్టీమీటర్ చూపించినవి. చిన్న 9 వోల్టుల బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేక కుంగిపోతుంది, నీ పాఠకుడేమో మోటార్‌లో దమ్ము లేదనుకుంటాడు. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) నయం. మోటార్ వేడి కూడా రాయి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. డిసెంబరు పొద్దున తీసిన రీడింగుకీ, మన మే నెల మధ్యాహ్నం తీసినదానికీ 20 డిగ్రీల తేడా ఉంటే నిరోధం 8 శాతం దాకా ఎక్కువ, ఆ మేరకు కరెంటూ టార్కూ తక్కువ. ఈ మాట మన సీమలో కూర్చుని రాసేవాడే చెప్పాలి.

గేర్లు విరుగుతాయని భయం ఉంటే 3, 6 వోల్టుల దగ్గర కొలిచి, గ్రాఫ్ గీసి 12 దాకా పొడిగించవచ్చు. అయితే అది అంచనా. అంచనాను అంచనా అనే రాయాలి, కొలత అని రాయకూడదు.

నీళ్ల సీసా పద్ధతి కూడా చేర్చు. షాఫ్ట్‌కు రీలు తొడిగి, దారానికి సీసా కట్టి పైకి లాగించాలి. సీసాలో నీళ్లు పెంచుకుంటూ పోతే బరువు సులభంగా మారుతుంది. లెక్కలో రీలు వ్యాసార్థం వెయ్యాలి. వ్యాసం వేస్తే జవాబు రెట్టింపు వస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. కిలో బరువు 5 సెకన్లలో మీటరు ఎత్తు లేస్తే అది సుమారు 2 వాట్ల పవర్. కాటా పద్ధతితో ఈ సంగతి తెలియదు.

చివర్లో మోటార్ల చరిత్ర అక్కర్లేదు, ఒక రోబో లెక్క పెట్టు. 2 కేజీల రోబో, 6.5 సెం.మీ. వ్యాసం ఉన్న చక్రాలు, రెండు మోటార్లు, 20 డిగ్రీల వాలు. వాలు వెంట కిందికి లాగే బలం దాదాపు 0.68 కేజీ. దాన్ని 3.25తో గుణించి రెండుగా పంచితే మోటారుకు 1.1 కేజీ-సెం.మీ. రాపిడి దీనికి అదనం. స్టాల్ టార్క్‌లో మూడో వంతు దాటకుండా వాడుకోవాలన్న లెక్కన మన 4 కేజీ-సెం.మీ. మోటార్ గట్టెక్కుతుంది, కానీ మిగులు పెద్దగా లేదు. ఆ మాటా రాసెయ్, పిల్లలు ఇంకో కిలో బ్యాటరీ ఎక్కించకుండా ఉంటారు.

దిద్దిన ప్రతితో పాటు నీ రీడింగుల కాగితం ఫొటో కూడా పంపు. కొట్టివేతలు ఉన్నా సరే, అలాగే పంపు.

అనంతపురం నుంచి,
మీ అన్న