జిమ్‌కి వెళ్తే మగవాడి ఛాతీ తగ్గుతుందా? ముందు వేళ్ళతో పట్టి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. వయసు 21, ఇంటర్ నుంచీ ఛాతీ ఆడపిల్లలకు పెరిగినట్టు పెరిగింది, ఎనిమిది నెలలుగా జిమ్‌లో కష్టపడుతున్నా తగ్గలేదు. ఇది అసలు ఏంటి, ఆపరేషన్ తప్పదా, ఇంట్లో ఎలా చెప్పాలి అని అడిగావు. నేను డాక్టర్ని కాదు. గుంటూరువాణ్ణి, విజయవాడలో ఉద్యోగం. ఇదే బాధ ఏడేళ్ళు మోసి 2019లో ఆపరేషన్ చేయించుకున్నా.

నాకు మొదలైంది 2012లో, ఇంటర్ ఫస్టియర్లో. హాస్టల్లో నీళ్ళ తొట్టి దగ్గర అందరూ ఒంటి మీద తువ్వాలు తప్ప ఏమీ లేకుండా స్నానాలు చేసేవాళ్ళు. నేను మాత్రం తెల్లవారుజామున నాలుగింటికే లేచి, ఎవరూ రాకముందే పోసుకుని వచ్చేవాణ్ణి. వార్డెన్ నన్ను చూపించి మిగతావాళ్ళని తిట్టేవాడు, వాడిని చూసి నేర్చుకోండిరా, ర్యాంకు ఊరికే వస్తుందా అని. ర్యాంకు రాలేదు, అది వేరే కథ. 2016 కృష్ణా పుష్కరాలకి బెజవాడ వచ్చి దుర్గా ఘాట్‌లో బనీనుతోనే మునిగా. "విప్పరా, తడి బనీను ఒంటికి పట్టుకుంటే జలుబు చేసిద్ది" అని అమ్మ గోల. తడిసిన బనీను ఇంకా అతుక్కుని, దాచాలనుకున్నదే అందరికీ కనిపించింది. చేతులు కట్టుకుని గట్టెక్కా.

సరే, అసలు విషయానికి వస్తా. ఛాతీ పెరగడం రెండు రకాలు. ఒకటి రొమ్ము గ్రంథి నిజంగానే పెరగడం. దాన్నే గైనెకోమాస్టియా అంటారు. ఇంకోటి ఉత్త కొవ్వు. తేడా చాలావరకు నీ వేళ్ళకే తెలుస్తుంది. వెల్లకిలా పడుకో. బొటనవేలు, చూపుడువేలు చనుమొనకి చెరోవైపు దూరంగా పెట్టి, నెమ్మదిగా మధ్యకి తీసుకురా. నల్లటి వలయం కిందికి వచ్చేసరికి కాస్త ముదిరిన తాటిముంజె లాంటి బిళ్ళ వేళ్ళకి తగిలి జారుతుంటే అది గ్రంథి. చనుమొన దాకా ఏదీ అడ్డు రాకుండా మెత్తగా కలిసిపోతే కొవ్వు. నాలాంటి కొందరికి రెండూ ఉంటాయి. నాది ఎడమవైపు పెద్దది, కుడివైపు చిన్నది.

కొవ్వే అయితే బరువు తగ్గితే అదీ తగ్గుతుంది, నీ జిమ్ పనికొస్తుంది. గ్రంథి అయితే లక్ష పుషప్స్ తీసినా కరగదు. పైగా కింద కండ పెరిగి దాన్ని ఇంకాస్త ముందుకి నెడుతుంది. ఇది నాకు చెప్పినవాడు లేడు. మా జిమ్ కోచ్ "చెస్ట్ డే వారానికి మూడుసార్లు పెట్టు, అదే పోయిద్ది" అని ఏడాదిన్నర తిప్పాడు. చివర్లో కండలు తొందరగా రావడానికి ఇంజెక్షన్ తెప్పిస్తానన్నాడు. భయమేసి వద్దన్నా కాబట్టి సరిపోయింది. అది స్టెరాయిడ్. బయటి నుంచి ఎక్కించిన ఆ మగ హార్మోన్‌లో కొంత ఒంట్లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌గా మారుతుంది. కండల కోసం వాటిని వాడి ఛాతీ తెచ్చుకున్న కుర్రాళ్ళు ఉన్నారు. నువ్వూ ఏదైనా వాడుతుంటే, పేరు తెలియని పౌడర్ డబ్బాతో సహా, డాక్టర్ దగ్గర దాచొద్దు.

మూలం హార్మోన్ల తూకంలో ఉంది. మగవాళ్ళలోనూ ఈస్ట్రోజన్ కొంచెం ఉంటుంది. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గినా, ఈస్ట్రోజన్ పెరిగినా రొమ్ము గ్రంథి లేస్తుంది. 13, 14 ఏళ్ళ పిల్లల్లో ఇది బోలెడంతమందికి వచ్చి, ఎక్కువమందికి ఆరు నెలల నుంచి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. వాళ్ళని కంగారు పెట్టకుండా ఓ కన్నేసి ఉంచితే చాలు. నాకు, బహుశా నీకు, పోకుండా ఉండిపోయింది. పెద్దవాళ్ళలో మందులు, మద్యం, లివర్ చెడిపోవడం, కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఎక్కువ కావడం ఇలా చాలా కారణాలు. మా పెదనాన్నకి 64 ఏళ్ళప్పుడు చొక్కా తగిలినా చనుమొన దగ్గర నొప్పి. సిగ్గుపడి నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. చూస్తే గుండెకి వాడుతున్న స్పైరనోలాక్టోన్ వల్ల. డాక్టర్ దాని బదులు ఎప్లెరినోన్ రాశాక నెమ్మదిగా నొప్పి తగ్గింది. ఇది చదివి ఎవరైనా గుండె మాత్ర సొంతంగా ఆపేరు, ఆ పని మాత్రం చేయొద్దు.

ఇక నా అనుభవం. మొదట ప్రకటన చూసి ఒక కాస్మెటిక్ క్లినిక్‌కి వెళ్ళా. డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ అని ఒకావిడ కూర్చోబెట్టి, చొక్కా కూడా విప్పించకుండా ప్యాకేజీ రేటు చెప్పి, ఈ వారమే చేయించుకుంటే తగ్గింపు అంది. రక్తపరీక్షలు అక్కర్లేదా అంటే "ఇది ఉత్త అందం సమస్యే సార్" అంది. అడ్వాన్స్ కట్టకుండా బయటికొచ్చా. ఆ రోజు కట్టేసి ఉంటే ఏమయ్యేదో గానీ, పరీక్షలు లేకుండా కత్తి పట్టేవాళ్ళ దగ్గరికి నువ్వు వెళ్ళొద్దు.

తర్వాత సూర్యారావుపేటలో ఒక ఎండోక్రైనాలజిస్టుని చూశా. హార్మోన్ల డాక్టర్ అన్నమాట. ఆయన ఛాతీ నొక్కి చూశాక వృషణాలు కూడా చూడాలన్నాడు. ఛాతీ గురించి వస్తే ఇదేంటని నేను బిక్కచచ్చిపోయా. వృషణాల్లో గడ్డ ఉన్నా మొదట ఛాతీ పెరగడంతోనే బయటపడొచ్చని, పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువుండే క్లైన్‌ఫెల్టర్ అనే స్థితిలోనూ ఛాతీ పెరగొచ్చని, ఆ మగవాళ్ళకి వృషణాలు చిన్నగా, గట్టిగా ఉంటాయని ఆయన చెప్పాక అర్థమైంది. ఆ పరీక్ష చేయకపోతే నువ్వే అడుగు. రక్తంలో టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయోల్, ప్రొలాక్టిన్, హెచ్‌సీజీ అనే హార్మోన్లు, థైరాయిడ్, లివర్, కిడ్నీ చూశారు. ఛాతీకీ వృషణాలకీ అల్ట్రాసౌండ్ తీశారు. అన్నీ మామూలుగానే వచ్చాయి. "మాత్రలతో పోదా సార్?" అంటే, కొత్తగా వచ్చి నొప్పి ఉన్నప్పుడు టామాక్సిఫెన్ లాంటివి కొన్ని నెలలు ఇస్తే పనిచేయొచ్చు, ఏడాది దాటితే గ్రంథి నారలా గట్టిపడుతుంది, ఏడేళ్ళయ్యాక నీకు మందులతో లాభం లేదు అన్నారు. నీదీ ఇంటర్ నుంచే కాబట్టి ఇదే మాట వినాల్సి రావచ్చు. ఆ మాత్ర మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని మింగకు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్న మందు అది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. గడ్డ చనుమొన కింద మధ్యలో కాకుండా పక్కకి, రాయిలా, కదలకుండా ఉన్నా, చర్మం గుంట పడినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా, చంకలో బిళ్ళలు తగిలినా ఆ వారమే సర్జన్‌కి చూపించు. మగవాళ్ళకీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అన్ని రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి దాకా మగవాళ్ళవే. అది ఎక్కువగా పెద్ద వయసులో, ఒకవైపే వస్తుంది.

ఆపరేషన్ ప్లాస్టిక్ సర్జన్ చేశారు. మత్తు ఇచ్చి, ముందు సన్నటి గొట్టంతో కొవ్వు లాగి, నల్లటి వలయం కింది అంచు వెంబడి అర్ధచంద్రంలా కోసి గ్రంథి తీశారు. మొత్తం గీకేస్తే చనుమొన సాసర్‌లా లోపలికి గుంట పడిపోతుందని వెనక పల్చగా కొంచెం వదిలారు. తీసిన ముక్కని బయాప్సీకి పంపారు. మర్నాడు ఇంటికొచ్చేశా. అన్నీ కలిపి అప్పట్లో 70 వేల దాకా అయింది. అందం కోసం చేయించుకున్నదని ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వలేదు. నీ పాలసీ ఏమంటుందో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకో.

నొప్పి కంటే ఆపరేషన్ తర్వాత ఛాతీకి వేసే బిగుతు జాకెట్టుతోనే పోరు. రాత్రీ పగలూ ఆరు వారాలు వేసుకోవాలి. నేను తెలివితక్కువగా ఏప్రిల్‌లో చేయించుకున్నా. బెజవాడ ఎండల్లో లోపల జాకెట్టు, పైన చొక్కా, చెమటకాయలు. నువ్వు నవంబర్లో పెట్టుకో. ఎడమ చనుమొన నాలుగు నెలలు మొద్దుబారి ఉండి తర్వాత స్పర్శ వచ్చింది. కొంతమందికి రక్తం, నీరు చేరి మళ్ళీ తీయాల్సి వస్తుందట, నాకు రాలేదు.

ఇంట్లో చెప్పడం గురించి నేనూ చాలా మథనపడ్డా. నాన్నతో చెప్పే ధైర్యం లేక ఒకరోజు అమ్మ బట్టలు ఆరేస్తుంటే దండెం దగ్గర నిలబడి రిపోర్టులు చేతిలో పెట్టి చెప్పేశా. ఆవిడ కాగితాల వంక చూడలేదు. చేతిలో ఉన్న తడి బనీను దులిపి, "అందుకేనట్రా రోజుకి రెండేసి బనీన్లు? ఉతకలేక చచ్చా ఇన్నేళ్ళూ" అంది.