సెల్లార్‌లో నీళ్లు, కార్డు మీద అప్పు

ప్రశ్న: మాది సరూర్‌నగర్ వైపు ఒక లోతట్టు కాలనీలో సొంత ఇల్లు. జీతం 92,000, పై అంతస్తు అద్దె 12,000. ఇంటి లోన్ ఈఎంఐ 34,000, షాద్‌నగర్ దగ్గర కొన్న ప్లాటుకు ఈఎంఐ 16,000, చీటీ 10,000, సిప్ 8,000, ఇంటి ఖర్చు 30,000. సిప్ ద్వారా మ్యూచువల్ ఫండ్స్‌లో 1,90,000 దాకా జమైంది. సేవింగ్స్ ఖాతాలో 15,000కు మించి ఎప్పుడూ ఉండదు. పోయిన వానాకాలం అర్ధరాత్రి సెల్లార్ మునిగింది. వాన నీళ్లు తోడే మోటారు, బాత్రూమ్ మురుగు ఎత్తిపోసే మోటారు రెండూ కాలిపోయాయి. వాచ్‌మన్ నీళ్లలోకి దిగి ప్లగ్ పీకాడు. సిప్ ముట్టుకోవడం ఇష్టం లేక ఒక లోన్ యాప్‌లో 25,000 తీసుకున్నాను. చేతికి 21,500 వచ్చింది, నెల తిరిగేసరికి 26,000 కట్టాను. మిగతా ఖర్చంతా క్రెడిట్ కార్డు మీద పెట్టాను. అందులో 58,000 ఇంకా ఉంది, నెలకు 3,000 కడుతున్నాను. ఇప్పుడు కాంట్రాక్టర్ నాలుగు మోటార్లు, ఆటోమేటిక్ ప్యానెల్, జనరేటర్, కొత్త గుంట కలిపి 3,80,000 ఎస్టిమేట్ ఇచ్చాడు. మురుగు గుంట శుభ్రం చేయడానికి ఇద్దరు కూలీలను దింపితే 3,000తో అయిపోతుందని కూడా అంటున్నాడు. పర్సనల్ లోన్ మంచిదా, ఇంటి లోన్ మీద టాప్-అప్ మంచిదా?

జవాబు: రెండూ వద్దు. ఎందుకు వద్దో చెప్పేముందు మీ ఉత్తరంలో నన్ను కూర్చోనివ్వని మాట ఒకటుంది, దాని సంగతి చూద్దాం.

వాచ్‌మన్ నీళ్లలోకి దిగి ప్లగ్ పీకాడని మామూలుగా రాసేశారు. కరెంటు ఉన్న సెల్లార్‌లో, మునిగిన మోటారు పక్కన, తడి చేత్తో పీకిన ప్లగ్ అది. ఆ రాత్రి అతను బతికి బయటపడటం మీ అదృష్టం, అతని ఇంటివాళ్ల అదృష్టం. సెల్లార్‌లో నీళ్లు చేరితే ముందు పైనున్న మెయిన్ స్విచ్ ఆపాలి. దాని దగ్గరికి కూడా నీళ్లలో నడిచే వెళ్లాల్సి వస్తే వెళ్లకండి. 1912కు ఫోన్ చేసి లైన్ ఆపించండి. కారు మునిగినా, ఫర్నిచర్ పోయినా తర్వాత చూసుకోవచ్చు.

కూలీలను గుంటలోకి దింపే ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. మురుగు గుంటలో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుంటాయి, ఆక్సిజన్ ఉండదు. మొదట దిగినవాడు పడిపోతే, తీయడానికి దిగిన రెండోవాడు కూడా పడిపోతాడు. సరైన రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం నేరమంటుంది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగులో ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. జలమండలి 155313కు ఫోన్ చేస్తే మిషన్‌తో శుభ్రం చేయించే సంగతి చెబుతారు. కాంట్రాక్టర్ చెప్పిన 3,000 కంటే ఎక్కువే అవుతుందేమో, అవ్వనివ్వండి.

ఇక డబ్బు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఒక్క వాక్యం కోసం: ‘సిప్ ముట్టుకోవడం ఇష్టం లేక.’ ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. పొదుపు చేసే అలవాటున్నవాళ్లే ఎక్కువగా ఈ గోతిలో పడతారు. జీతం పడిన వారంలోపే ప్రతి రూపాయినీ ఏదో ఒకదానికి కట్టేస్తారు. ప్లాటు, చీటీ, సిప్, ఇంటి లోన్. కాగితం మీద చూస్తే అంతా బాగుంటుంది. వాన పడిన రాత్రి రెండు గంటలకు ఎలక్ట్రీషియన్ ‘అన్నా, అడ్వాన్స్ 10,000 కొట్టండి’ అంటే మాత్రం ఇవేవీ అక్కరకు రావు. ఫండ్ అమ్మితే డబ్బు ఖాతాలో పడటానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. చీటీ పాట నెలకోసారే. ప్లాటును ఆ రాత్రి ఎవరికి అమ్ముతారు?

యాప్ లెక్క చూడండి. చేతికొచ్చింది 21,500, కట్టింది 26,000. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే ‘అబ్బో’ అంటాం. మీరు కట్టింది నెలకు నూటికి దాదాపు 21 రూపాయలు. చదువుకుని, మంచి ఉద్యోగం చేస్తున్న మీరు! ఇలాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నది, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసింది ఈ హైదరాబాద్‌లోనే, 2020 డిసెంబరులో. నిండా ఐదేళ్ల జ్ఞాపకం కూడా ఉండదా మనకు అనిపిస్తుంది ఒక్కోసారి.

కార్డు సంగతి ఇంకా మెత్తటి కత్తి. చాలా కార్డులు నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ వేస్తాయి. మీదీ అంతే అనుకుంటే 58,000 మీద 2,030, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 2,400. మీరు కడుతున్న 3,000లో అసలు తగ్గేది 600. ఇటు కార్డువాడికి ఏడాదికి 42 శాతం కడుతూ, అటు ఫండ్‌లో 1,90,000 దాచుకుని, ఏడాదికి 12 శాతం వస్తుందని ఆశపడుతున్నారు. బకెట్‌కు చిల్లు పెట్టుకుని నల్లా తిప్పినట్టుంది.

ఇప్పుడు మీరడిగిన రెండు లోన్లు. పర్సనల్ లోన్ 16 శాతానికి మూడేళ్లకు దొరికిందనుకుందాం. 3,80,000కు ఈఎంఐ 13,360 చొప్పున అవుతుంది. అన్నీ పోగా మీకు నెలకు మిగిలేది 3,000. తక్కువైన పది వేలు ఎక్కడ తెస్తారు? మళ్లీ కార్డే కదా. టాప్-అప్ అయితే వడ్డీ తక్కువ, నిజమే. దాన్ని ఇంటి లోన్‌తోపాటు 14 ఏళ్లు సాగదీస్తే 9.5 శాతం లెక్కన ఈఎంఐ 4,100 దగ్గరే ఉంటుంది, మొత్తం కట్టేది మాత్రం 6,88,000 దాటుతుంది. మురుగులో మునిగి పనిచేసే మోటారు ఐదారేళ్లు నిలిస్తే గొప్ప. మోటారును పాత సామాన్లవాడికి వేసేశాక కూడా మీరు దాని ఈఎంఐ కడుతూనే ఉంటారు.

అసలు 3,80,000 పని ఉందా? నేను ఇంజనీర్‌ను కాదు. అయితే ఇలాంటి ఎస్టిమేట్లు చాలా చూశాను, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో కోశాధికారిగా కూడా చేశాను. ఒకసారి మా సెల్లార్ మోటారు కాలిపోతే అసోసియేషన్ డబ్బంతా ఎఫ్‌డీలో ఉంది, దాన్ని విడిపించాలంటే ముగ్గురి సంతకాలు కావాలి, మూడో ఆయన కూతురి కాన్పుకు అమెరికా వెళ్లి ఉన్నాడు. నాలుగు రోజులు అద్దె మోటారుతో తోడించాం. అందరికీ అత్యవసర నిధి గురించి చెప్పే నేను కోశాధికారిగా ఉన్న చోట జరిగింది ఇది. ఆ సిగ్గుతోనే ఈ విషయంలో కాస్త గట్టిగా మాట్లాడతాను.

మీ కాంట్రాక్టర్ రెండు వేర్వేరు సమస్యల్ని ఒకే కాగితం మీద రాశాడు. మొదటిది వాన నీళ్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. సెల్లార్‌లోకి దిగే మీ ర్యాంప్ 60 చదరపు మీటర్లనుకుంటే, గంటకు 50 మిల్లీమీటర్లు కుండపోతగా కురిసినా గంటకు 3,000 లీటర్లు, అంటే నిమిషానికి 50 లీటర్లు. దీన్ని తోడటానికి చిన్న డీవాటరింగ్ మోటారు చాలు. రోడ్డు మీది వరద ర్యాంప్ మీదుగా లోపలికి దూకితే మాత్రం ఎన్ని మోటార్లు పెట్టినా చాలవు. దానికి మందు ర్యాంప్ మొదట్లో గట్టు పోయించడం. మేస్త్రీ రెండు రోజుల పని. కాంట్రాక్టర్ ఎస్టిమేట్‌లో ఈ గట్టు ఊసే లేదు, గమనించారా?

రెండోది మురుగు. సెల్లార్ బాత్రూమ్ రోడ్డు డ్రైనేజీ కంటే కిందుంది కాబట్టి ఎత్తిపోయక తప్పదు. ఇక్కడ మామూలు నీళ్ల మోటారు పెడితే చెత్త పట్టేస్తుంది. గట్టి పదార్థాన్ని వదిలే మురుగు మోటారే కావాలి. పైపులో ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ ఉండాలి. లేకపోతే వానకు రోడ్డు లైను నిండగానే వీధి మురుగంతా వెనక్కి మీ గుంటలోకే వస్తుంది. వాన నీళ్ల పైపును డ్రైనేజీలో కలపకండి, వీధి వరద కాలువలోకి వదలండి. అందరూ డ్రైనేజీలో కలపబట్టే మ్యాన్‌హోళ్లు పొంగుతున్నాయి.

మోటార్లు ఎందుకు కాలాయో కూడా కనుక్కోండి. నీటి మట్టాన్ని బట్టి మోటారును ఆన్, ఆఫ్ చేసే ఫ్లోట్ స్విచ్ గోడకు ఇరుక్కుని, నీళ్లు అయిపోయాక కూడా మోటారు తిరిగి ఉంటే కాయిల్ మాడుతుంది. చాలా సబ్‌మెర్సిబుల్ మోటార్లకు చుట్టూ ఉన్న నీళ్లే చలువ. కారణం తెలియకుండా కొత్తది పెడితే అదీ అలాగే పోతుంది.

కాబట్టి పని ఇలా విడగొట్టుకోండి. ఈ నెలలోనే ఎలక్ట్రికల్ పని: 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్, ప్యానెల్ బోర్డును సెల్లార్ నుంచి గ్రౌండ్ ఫ్లోర్‌కు ఎత్తించడం. ఇప్పుడున్న ఎంసీబీ ఓవర్‌లోడ్‌కు పడుతుందే కానీ మనిషికి షాక్ కొట్టే లీకేజీని పట్టుకోదు. నీళ్లలో కేబుల్‌కు అతుకు ఉండకూడదు. మోటారును పైకి లాగడానికి గొలుసు కట్టించండి, కేబుల్ పట్టుకుని లాగనివ్వకండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. దాంతోపాటు గట్టు, ఒక మంచి మురుగు మోటారు, ఒక వాన మోటారు. కాలిన పాతవాటిని రివైండింగ్ చేయించి స్టాండ్‌బైగా ఉంచండి. నీళ్లు ఒక మట్టం దాటితే మోగే అలారం ఒకటి పెట్టించండి. దీనికంతా నేను 80,000 దగ్గర లెక్కేసుకున్నాను. మూడు చోట్ల ధరలు అడగండి. ప్లంబర్ తెచ్చిన మొదటి ధరకు తల ఊపకండి. జనరేటర్ ఇప్పుడు వద్దు. వానకు కరెంటు పోతుందన్న భయం నిజమే, ఇంట్లో ఇన్వర్టర్ మోటారు స్టార్టింగ్‌ను మోయలేదన్నదీ నిజమే. అది రెండో ఏడాది మాట. ఈలోగా గట్టి వానలప్పుడు అద్దెకు ఇచ్చేవాళ్ల నంబరు దగ్గర పెట్టుకోండి.

డబ్బు ఎక్కడిది? ఫండ్ నుంచి. 58,000 తీసి కార్డు అప్పు ఒక్కసారిగా మూసేయండి. 80,000 పనికి. మిగిలే 52,000ను బ్యాంకు ఖాతాలోకి తెచ్చి విడిగా పెట్టండి. ఈక్విటీ ఫండ్ ఏడాది దాటినవైతే, ఒక ఆర్థిక సంవత్సరంలో 1,25,000 వరకు లాభానికి పన్ను లేదు. మీ జమ మొత్తమే 1,90,000 కాబట్టి ఏడాది దాటిన యూనిట్ల వరకు ఆ దిగులు అక్కర్లేదు. సిప్ ఏడాదిపాటు ఆపండి. అవును, నేనే చెబుతున్నాను ఆపమని. సిప్ 8,000, కార్డుకు కడుతున్న 3,000, మీకు మిగిలే 3,000 కలిపి నెలకు 14,000 అదే ఖాతాలో వేస్తూ పోండి. ఏడాదికి 1,68,000. ముందున్న 52,000తో కలిపి 2,20,000. మీ రెండు ఈఎంఐలు, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 80,000. అంటే మూడు నెలలకు కూడా ఇంకా 20,000 తక్కువే. అంతవరకూ సిప్ మాట ఎత్తకండి. చీటీ పూర్తవగానే ఆ డబ్బు కూడా ఇటే. ఇప్పుడే పాడుకుని తీసుకోవాలనిపిస్తే అప్పు తీర్చడానికి పర్వాలేదు, ఇంకో ప్లాటుకు మాత్రం వద్దు. ఇందులో 50,000ను ఇంటి పేరు మీద వేరుగా గుర్తుపెట్టుకోండి. మోటారు, పైపు, లీకేజీ, స్టార్టర్ అన్నీ అందులోంచే. మోటారు ఏదో ఒక రోజు కాలుతుందని తెలిసి కూడా కాలిన ప్రతిసారీ ఆశ్చర్యపోవడం ఎందుకు? ఖర్చుపెట్టిన నెల నుంచే మళ్లీ నింపడం మొదలుపెట్టాలి.

గోల్డ్ లోన్ అడుగుతారని తెలుసు. పర్సనల్ లోన్ కంటే చవకే. ఈ పనికి అవసరం లేదు.

బీమా గురించి రెండు మాటలు. భారత్ గృహ రక్ష లాంటి ఇంటి పాలసీలో వరద నష్టం ఉంటుంది, అరిగిపోయి కాలిన మోటారుకు మాత్రం పైసా రాదు. ఇంటి లోన్‌తోపాటు బ్యాంకు ఏ పాలసీ ఇచ్చిందో ఆ కాగితం తీసి చదవండి. సెల్లార్‌లో కారు మునిగితే స్టార్ట్ చేసి చూడకండి. ఇంజన్‌లోకి నీళ్లు లాగితే, ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోనివాళ్లకు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

1908లో మూసీ పొంగింది సెప్టెంబరు చివర్లో. 2000లో నగరం మునిగింది ఆగస్టులో, 2020లో అక్టోబరులో. జూన్‌లో చేప ప్రసాదం రోజుల్లో పడే జల్లులు చూసి ఈ ఏడాదికి గండం గడిచిందనుకోవద్దు, ఎలక్ట్రికల్ పని మాత్రం ఇంకో వారం కూడా వాయిదా వేయకండి. పని అయ్యాక ఒక ఆదివారం పగటిపూట, ఎవరూ గుంటలోకి దిగకుండా, పై నుంచి గొట్టంతో నీళ్లు వదిలి చూడండి. ఫ్లోట్ లేచి మోటారు దానంతట అది మొదలవ్వాలి, నీళ్లు తగ్గగానే ఆగాలి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. అది పడకపోతే ఎలక్ట్రీషియన్‌కు మిగతా డబ్బు ఇవ్వకండి.