కొలతలు కూర్చుని తీసుకో

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. మొయినాబాద్ వైపు రైడింగ్ స్కూల్లో చేరావని మీ అమ్మ ముందే చెప్పింది, చాలా సంతోషం. కానీ చివర్లో రాసిన ముక్క నచ్చలేదు. పది కిలోలు తగ్గాక మంచి బట్టలు కొంటావా? అప్పటిదాకా పాత లెగ్గింగ్స్‌తో నెట్టుకొస్తావా? తగ్గితే తగ్గు, నీ ఇష్టం. ఈ ఆదివారం గుర్రం ఎక్కేది మాత్రం ఇప్పుడున్న ఒళ్ళే కదా, దానికి సరిపడే బట్ట ఇప్పుడే కావాలి. లెగ్గింగ్స్ వేసుకుని ముప్పావు గంట ట్రాట్ (గుర్రం నడకకీ పరుగుకీ మధ్య వేగం) చేస్తే తొడల లోపలి వైపు ఒరుసుకుపోయి, సోమవారం ఆఫీసులో కుర్చీ మీద కూర్చోలేవు. ఇలా రెండు వారాలు మండాక "రైడింగ్ మన ఒంటికి పడదు" అని మానేసిన వాళ్ళని చూశాను. తప్పంతా ప్యాంటుది, నింద మాత్రం ఒంటికి.

నాదీ నీ వాటమే. మన ఇంటి ఆడవాళ్ళకి నడుము ఒక సైజు, సీటు దానికి రెండు సైజులు పైన, పిక్కలు మరీ దిట్టం. ఒక షాపులో నన్ను ఎగాదిగా చూసి "మేడమ్, మీ సైజు జెంట్స్ సెక్షన్‌లో చూడండి" అన్నాడో కుర్రాడు. మర్యాద సంగతి అటుంచు, సలహాగా కూడా అది పనికిరాదు. మగవాళ్ళ బ్రీచెస్ (రైడింగ్ ప్యాంట్లు) సీటు దగ్గర సన్నగా, నడుము దగ్గర వదులుగా ఉంటాయి. మనకి కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. బూట్లు, హాఫ్ చాప్స్ (పొట్టి బూట్ల పైన పిక్కలకి వేసుకునే తొడుగులు) మాత్రం జెంట్స్‌వి కూడా వేసి చూడు, పిక్కల దగ్గర ఒక్కోసారి అవే కుదురుతాయి.

ముందు కొలతలు. నిలబడి తీసుకున్న కొలతలతో మనకి పని జరగదు. గట్టి కుర్చీలో కూర్చుని టేపు చుట్టి చూడు, సీటు, తొడలు ఎంత పరుచుకుంటాయో తెలుస్తుంది. జీను మీద ఉండేది ఆ కొలతే. నడుము బొడ్డు దగ్గర, సీటు అన్నిటికంటే వెడల్పున్న చోట, తొడ పైభాగంలో, పిక్క లావుగా ఉన్న చోట, చీలమండ దగ్గర, అన్నీ సెంటీమీటర్లలో రాసుకో. కాళ్ళు రెండూ వేరువేరుగా కొలువు, చాలామందికి తేడా ఉంటుంది, పెద్దది లెక్కలోకి తీసుకోవాలి. పిక్కల కొలత సాయంత్రం తీసుకుంటే మంచిది. రోజంతా కూర్చుని పనిచేసే దానివి, పొద్దున్నకీ సాయంత్రానికీ కాళ్ళు కాస్త ఉబ్బుతాయి. ఇంకో కొలత ఎవరూ చెప్పరు: ముందు నడుము పట్టీ నుంచి కాళ్ళ మధ్యగా తీసుకెళ్ళి వెనక పట్టీ దాకా. ఇది తక్కువైతే కూర్చోగానే వెనక పట్టీ జారుతుంది, ముందు పొట్ట కిందికి మడత పడుతుంది.

సైజు చార్టులో ఎస్, ఎమ్, ఎక్సెల్ అక్షరాలు నమ్మకు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. సెంటీమీటర్ల వరస చూసి సీటుకీ తొడకీ సరిపోయేది తీసుకో. నడుము దగ్గర వదులైతే ఏ టైలరైనా బిగుతు చేస్తాడు. తొడ దగ్గర బిగుతైన దాన్ని ఎవరూ వదులు చెయ్యలేరు, లోపల బట్ట ఉండదు. నడుము పట్టీ వెడల్పుగా, బొడ్డు దాకా వచ్చేది, వెనక వైపు ఎలాస్టిక్ ఉన్నది చూడు. సన్నటి పట్టీ గుర్రం రెండు అడుగులు వేసేసరికి చుట్ట చుట్టుకుంటుంది.

ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడి తిరిగి చూసుకుంటే ఏమీ తేలదు. సిగ్గుపడకుండా బయట ఉన్న కుర్చీ అడుగు. దాని వీపు వైపు తిరిగి, కాళ్ళు చెరో పక్క వేసి కూర్చో. ముందుకి వంగు. వెనక పట్టీకీ నడుముకీ మధ్య అరచెయ్యి దూరితే అది నీది కాదు. తర్వాత ఎడమ కాలు స్టూలు మీద పెట్టి, రికాబులో (జీనుకి వేలాడే, పాదం పెట్టే కడియంలో) పెట్టినట్టు, మోకాలు పొట్ట దాకా తీసుకురా. గొంతుకూర్చుని లే. ఇంతసేపూ ప్యాంటు పైకి లాక్కోవలసిన అవసరం రాకపోతే డబ్బులు కట్టు.

ఇక కుట్టు. ప్యాంటు తిరగేసి, మోకాలి లోపలి వైపు బొటనవేలితో గట్టిగా రాసి చూడు. మామూలు ప్యాంటుకి కాళ్ళ మధ్య కుట్టు తొడ నుంచి మడమ దాకా తాడులా దిగుతుంది. జీనుకి ఒరుసుకునేది సరిగ్గా అక్కడే. మంచి రైడింగ్ ప్యాంటులో ఆ కుట్టు మోకాలి దగ్గర పక్కకి తప్పిపోతుంది, లేదా అరచేతికి తగలనంత చదునుగా ఉంటుంది. కాళ్ళు కలిసే చోట నాలుగు కుట్లు ఒక ముడిలా కలిస్తే వదిలెయ్యి. అక్కడ డైమండ్ ఆకారంలో ముక్క వేసి ఉండాలి, మన సల్వార్లకి వేసే మియానీ లాంటిదే.

నువ్వు బ్రీచెస్ అన్నావు. అవి పిక్కల మధ్యలో ఆగిపోతాయి, పైన మామూలుగా పొడుగు బూట్లు వేస్తారు. మన పిక్కలకి రెడీమేడ్ పొడుగు బూట్లు దొరకడం కష్టం. అందుకని ఇప్పటికి జోధ్‌పూర్స్ తీసుకో. చీలమండ దాకా ఉంటాయి, పొట్టి బూట్లు, పైన జిప్పు హాఫ్ చాప్స్ చాలు. హాఫ్ చాప్స్‌కి వెనక జిప్పు పక్కన నిలువునా ఎలాస్టిక్ పట్టీ ఉన్నది వెతుకు. రికాబు తోలు పట్టీ పిక్కని గిల్లకుండా హాఫ్ చాప్సే కాపాడతాయి.

జోధ్‌పూర్స్ అన్నాక ఒక మాట. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకి వెళ్ళిన జోధ్‌పూర్ సర్ ప్రతాప్ సింగ్ వీటిని ఇంగ్లండుకి పరిచయం చేశారు. అప్పటి కోత ఏమిటంటే తొడల దగ్గర బాగా వదులు, మోకాలి కింద నుంచి బిగుతు. అప్పట్లో సాగే బట్ట లేదు, కూర్చోవడానికి చోటు కోతలోనే ఇవ్వాలి. ఇవి ఒంటికి అతుక్కోవడమనేది సాగే బట్ట వచ్చాక పుట్టిన ఫ్యాషను. లావుగా ఉన్నవాళ్ళు తప్పకుండా అతుక్కుపోయేది వేసుకోవాలని ఎక్కడా లేదన్నమాట. ఆ పాత కోత చుడీదార్‌కి దగ్గర చుట్టం, హైదరాబాద్ టైలర్ల చేతిలో ఉన్న విద్యే.

అందుకే నా సలహా: మొదటిది కొను, రెండోది కుట్టించు. కొనడానికి డెకాథ్లాన్‌లో రైడింగ్ బట్టలు చూడు, మొదలుపెట్టేవాళ్ళకి ధర అందుబాటులోనే ఉంటుంది. పెద్ద సైజులు అన్ని చోట్లా ఉండవు, వెళ్ళే ముందు స్టాక్ కనుక్కో. విదేశీ కంపెనీలవి ప్లస్ సైజులో బాగానే ఉంటాయి కానీ షిప్పింగు, కస్టమ్స్ సుంకం కలిస్తే కళ్ళు తిరుగుతాయి, కుదరకపోతే తిప్పి పంపడం ఇంకో తలనొప్పి. కొన్నది సరిగ్గా కుదిరితే దాన్నే టైలర్‌కి నమూనాగా ఇవ్వచ్చు. బ్లౌజులు కుట్టే వాళ్ళ దగ్గరికి వెళ్ళకు. మన సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు, తిరుమలగిరి వైపు యూనిఫాంలు కుట్టేవాళ్ళు, పాతబస్తీలో షేర్వానీ, చుడీదార్ కుట్టేవాళ్ళు, వీళ్ళకి గట్టి బట్ట, గట్టి కుట్టు అలవాటు.

బట్ట జనరల్ బజార్లో దొరుకుతుంది. కాటన్ లైక్రా, మందంగా, నాలుగు వైపులా సాగేది అడుగు. అడ్డంగా మాత్రమే సాగే బట్ట మోకాలు వంచినప్పుడు లాగుతుంది. పిడికిలి మీద బిగించి లాగి వెలుతురులో చూడు. వేళ్ళ కణుపులు కనిపిస్తే, జీను ఎక్కేటప్పుడు వెనక నిలబడిన సైసుకి (గుర్రాల్ని చూసుకునే మనిషికి) ఇంకా చాలా కనిపిస్తాయి. కుట్టించే ముందు నానబెట్టి ఆరేయించు, కాటన్ ఒక్కసారి కుంచించుకుంటే మన శ్రమంతా వృథా. మోకాలి లోపల పట్టు కోసం మెత్తటి స్వెడ్ ముక్క వేయించు. తోలు కుట్టే మెషిను అందరి దగ్గరా ఉండదు, అది ముందే అడుగు. సీటంతా సిలికాన్ చుక్కలున్న ప్యాంట్లు ఇప్పుడు అందరూ వేస్తున్నారు. నన్నడిగితే మొదట్లో వద్దు. ట్రాట్‌లో లేచి కూర్చోవడం నేర్చుకునేటప్పుడు జీనుకి అంటుకుపోతున్నట్టు ఉంటుంది, పైగా ఏప్రిల్ ఎండల్లో ఉడికిపోతావు.

అందంగా కనిపించడం గురించి అడగడానికి మొహమాటపడ్డావు, అర్థమైంది. ఇందులో మొహమాటం దేనికి? లావు దాచాలని పొడుగు కుర్తీ వేసుకుంటున్నట్టున్నావు. మానెయ్యి. అది సీటు కింద నలుగుతుంది, దిగేటప్పుడు జీనుకి తగులుకుంటుంది, నీ వీపు నిటారుగా ఉందో లేదో కోచ్‌కి కనిపించదు. వదులు బట్ట గాలికి ఉబ్బి ఉన్నదానికంటే లావుగా చూపిస్తుంది కూడా. సీటు మొదలయ్యే దగ్గర ఆగే కాలర్ టీషర్టు, భుజాల దగ్గర సరిగ్గా, పొట్ట దగ్గర ఒంటిని తాకీ తాకనట్టు ఉండాలి. పైనా కిందా ఒకే ఛాయలో వేసుకుంటే మనిషి పొడుగ్గా కనిపిస్తుంది. నేవీ బ్లూ, ముదురు గోధుమ నా లెక్కలో మేలు. నలుపు సన్నగా చూపిస్తుందంటారు గానీ రైడింగ్ మైదానం దుమ్ము, తెల్లగుర్రం వెంట్రుకలు దాని మీద కనిపించినట్టు ఇంకెక్కడా కనిపించవు.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది బ్రా. పరుగులకి వేసుకునే గట్టి రకం, పట్టీలు వెడల్పుగా, కప్పులు విడివిడిగా ఉన్నది. ఒకటే గుడ్డ బిగించి నొక్కేవి పెద్ద సైజులకి చాలవు. వేసుకుని ఇంట్లోనే నాలుగు గెంతులు గెంతు. ఊగుతుంటే ట్రాట్‌లో భుజాలు ముందుకి ముడుచుకుంటావు, అప్పుడు ఎంత ఖరీదైన బట్టా అందంగా ఉండదు. లోపల కుట్టులేని, తొడల మీదికి దిగే షార్ట్స్ వేసుకో, అయినా ఒరుసుకుంటే ముందే కాస్త వాజిలిన్ రాసుకో.

బూట్లకి అంగుళం మడమ ఉండాలి, అడుగు నున్నగా ఉండాలి. స్పోర్ట్స్ షూస్‌తో పాదం రికాబులోంచి దూరిపోతే గుర్రం ఈడ్చుకెళ్తుంది. పోటీల దశకి వచ్చాక పొడుగు బూట్లు కాన్పూర్ వాళ్ళకి కొలతలిచ్చి చేయించుకోవచ్చు, గుర్రపు జీన్లు, తోలు సామాన్లకి పెట్టింది పేరు. కొత్త బూటు మోకాలి వెనక కొంచెం ఎత్తుగా అనిపించాలి, వాడగా చీలమండ దగ్గర మడత పడి కిందికి దిగుతుంది. వానాకాలం లోపల న్యూస్ పేపర్ కుక్కి పెట్టు, లేకపోతే బూజు. హెల్మెట్ కొత్తదే కొను, ఎవరిదీ తీసుకోకు, ఒకసారి దెబ్బ తగిలితే మార్చెయ్యి. జడ మెడ దగ్గర కిందికి వేసుకో. లోపల కొప్పు, క్లిప్పులు వద్దు.

బట్టల మాట కాకపోయినా ఇది చెప్పాలి. రైడరు, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని చాలామంది పాటించే లెక్క. 450 కిలోల గుర్రానికి 90 అన్నమాట. కోచ్‌ని సూటిగా అడుగు, నీకు తగిన గుర్రం ఏదో, జీను సీటు నీకు సరిపోతుందో లేదో. చిన్న జీనులో ఇరుక్కుని కూర్చుంటే ఏ ప్యాంటైనా ఒరుసుకుంటుంది. ఎక్కేటప్పుడు ఎత్తుపీట వాడు. సన్నగా ఉన్నవాళ్ళూ వాడాల్సిందే, కింద నుంచి వేలాడి ఎక్కితే జీను ఒక పక్కకి లాగి గుర్రం వీపు మీద భారం పడుతుంది.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ) టీమ్ స్వర్ణం గెలిచినప్పటి ఫొటో పంపి, ఆ కోటు, తెల్ల ప్యాంటు నాకు బాగుంటాయా అన్నావు. ఎందుకు బాగుండవు? కోటు కూర్చుని బొత్తాలు పెట్టుకుని చూడాలి. భుజాలకీ ఛాతీకీ సరిపోయేది తీసుకుని నడుము దగ్గర బిగుతు చేయించుకో. వెనక చీలికలు జీను మీద విచ్చుకోవాలి, కోటు మీద కూర్చోకూడదు. తెల్ల ప్యాంటు లోపల తెల్లవి కాకుండా ఒంటి రంగువి వేసుకో. తెల్లదంటే భయమైతే చాలా పోటీల్లో బిస్కెట్ రంగు కూడా ఒప్పుకుంటారు, ఎంట్రీ కట్టే ముందు రూల్స్ చదువు.

వచ్చే శనివారం మారేడ్‌పల్లి రా. ఇక్కణ్ణుంచి జనరల్ బజార్ వెళ్ళి బట్ట తీసుకుందాం, నాకు కుట్టే మాస్టర్‌కి ఫోన్ చేసి ఉంచుతాను. ఆలస్యం చెయ్యకు, రంజాన్ ఆర్డర్లు మొదలైతే ఆయన పండగ దాటేదాకా కొత్తవి పట్టడు. వచ్చేటప్పుడు నువ్వు గుర్రం ఎక్కేటప్పుడు వేసుకునే బూట్లు, బ్రా, షార్ట్స్ తెచ్చుకో. కొలతలు వాటి మీదే తీసుకోవాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ