పిల్లలు లేని ఓడ ప్రశాంతంగా ఉంటుందా?

ప్రశ్న: నాకు 52, మావారికి 56 ఏళ్లు. పెళ్లై పాతికేళ్లు నిండుతున్న సందర్భంగా క్రూయిజ్‌కి వెళ్దామంటున్నారు. నాకు సముద్రం ఇష్టమే, గోలే పడదు. ఆ మాట చెబితే, ‘ఇందులో పిల్లల్ని ఎక్కించరు, హాయిగా ఉంటుంది’ అంటూ ఒక ఓడ చూపించారు. ఆయన స్నేహితుడు భార్యతో వెళ్లొచ్చి తెగ పొగిడాడట. వీడియోలు చూస్తే అర్ధరాత్రి దాకా డీజే, స్విమ్మింగ్ పూల్ చుట్టూ డాన్సులు! వద్దంటే ‘నీకు ఏదీ నచ్చదు’ అంటారు. ఊరుకుంటే వారం రోజులు నాకు నరకం. పది రోజుల్లో అడ్వాన్సు కట్టాలి. ఆయన సరదా చెడగొట్టకుండా ఈ మాట ఎలా చెప్పాలి?

జవాబు: మీ వీడియోలు అబద్ధం చెప్పలేదు, మీవారూ మిమ్మల్ని మభ్యపెట్టలేదు. ‘పెద్దలకు మాత్రమే’ అనే మాట దగ్గరే ఇద్దరూ చెరో దారి పట్టారు. ఆ మాట ఎక్కేవాళ్ల వయసు గురించి చెబుతుందే తప్ప, ఎక్కాక వాళ్లు ఎలా ఉంటారో చెప్పదు. పిల్లలు రాత్రి తొమ్మిదింటికల్లా పడుకుంటారు. మందు కొట్టిన పెద్దవాళ్లే పడుకోరు!

ఓడ ఓడకీ తేడా ఎంతుంటుందో చూడండి. వర్జిన్ వాయేజెస్ వారి ఓడల్లో 18 ఏళ్లు నిండనివాళ్లకు చోటు లేదు. ఒక్కో ఓడలో 2,700 మందికి పైగా పడతారు. ఒక రాత్రి ఓడంతా ఎర్ర బట్టలు వేసుకుని పార్టీ చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. వైకింగ్ వారి సముద్రపు ఓడల్లోనూ 18 ఏళ్ల నిబంధనే. కానీ ఎక్కేది వెయ్యిమంది లోపే, కేసినో అసలు లేదు. సాయంత్రాలు పియానో, వెళ్లబోయే ఊళ్ల చరిత్ర మీద ఉపన్యాసాలు, పుస్తకాల అరల పక్కన కుర్చీలు. రెంటి మీదా ఉన్న ముద్ర ఒకటే. మీవారి స్నేహితుడు పొగిడింది మొదటి రకం ఓడనై ఉంటుంది. ఆయనకు నచ్చడంలో వింతేమీ లేదు, కానీ ఆయన స్వభావం వేరు, మీ స్వభావం వేరు.

ఓడ ఎంచుకునే ముందు మీవారిని ఒక ప్రశ్న అడగండి. ‘క్రూయిజ్ అనగానే నీ కళ్ల ముందు ఏం కనిపిస్తోంది?’ అని. వెంటనే మీ అభిప్రాయం చెప్పకండి, ఆయన చెప్పేది పూర్తిగా విని ఊరుకోండి. బాల్కనీలో కాఫీ, కొత్త ఊళ్లు, వంట బాధ లేని వారం అన్నారనుకోండి, మీ ఇద్దరి మధ్య గొడవే లేదు. సంగీతం, డాన్సులు, రోజూ నలుగురు కొత్తవాళ్లతో కబుర్లు అన్నారనుకోండి, వైకింగ్‌లో మూడో రోజుకే ఆయనకు విసుగొస్తుంది. అప్పుడు నరకం ఆయనది. దాన్నీ మీరు కోరుకోరు కదా.

ఆ తర్వాత మీ వంతు. ‘నాకు గోల పడదు’ అంటే అవతలివాళ్లకు వినిపించేది ‘నీ సరదాలు నాకు పడవు’ అనే. దాని బదులు మీకు కావలసినవి చెప్పండి. రాత్రి పదిన్నరకు గదిలో నిశ్శబ్దం, భోజనానికి ఇద్దరికే ఒక టేబుల్, పగలు ఒక గంట చదువుకునే చోటు. ఇలా అడిగితే ఆయన కాదనడానికి పెద్దగా ఏమీ ఉండదు. ‘నీకు ఏదీ నచ్చదు’ అనే మాటకూ ఇదే జవాబు, నచ్చేవి ఇవీ అని ముందే చెప్పారు కాబట్టి.

ఇద్దరి కోరికలూ దూరంగా ఉంటే మధ్యస్థంగా ఉండే ఓడలు చూడండి. పీ అండ్ ఓ వారి ఆర్కేడియా, అరోరా పెద్దలకు మాత్రమే. నాటకాలు, బార్లు, డాన్సు ఫ్లోర్ అన్నీ ఉంటాయి, గడిపేవాళ్లు మాత్రం ఎక్కువగా మీ వయసు దాటినవాళ్లే. ఇంకో మార్గమూ ఉంది. స్కూళ్లకు సెలవులు లేని నెలల్లో మామూలు ఓడ ఎక్కండి. ప్రిన్సెస్ కంపెనీ ఓడల్లో శాంక్చురీ, సెలబ్రిటీ కంపెనీ ఓడల్లో సోలేరియం లాంటి, పెద్దలకే కేటాయించిన చోట్ల పిల్లల సందడి ఉండదు. కొన్నింటికి అదనంగా డబ్బు కట్టాలి, ముందే అడగండి. ప్రయాణం నిడివీ చూసుకోండి. వారాంతానికి వెళ్లొచ్చే మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పుల్లో జనం పార్టీ కోసమే ఎక్కుతారు. పది, పన్నెండు రాత్రులైతే వాళ్ల తీరే మారిపోతుంది.

ఇక క్యాబిన్ సంగతి. ఎంత ప్రశాంతమైన ఓడలోనైనా తప్పు గది దొరికితే నిద్ర గోవిందా. పూల్ డెక్ కింద గది తీసుకుంటే తెల్లారకముందే పనివాళ్లు కుర్చీలు ఈడ్చి వరసలు పెడుతుంటారు. ఆ కుర్చీల కాళ్లు నేలకు రాసుకుంటూ కీచుమంటుంటే దుప్పటి కప్పుకున్నా వినిపిస్తుంది. థియేటర్ పైనుంటే డ్రమ్స్ మోత నేలలోంచి కాళ్లకు తెలుస్తుంది. మరీ ముందు గదులకు లంగరు గొలుసు చప్పుడు. పక్క గదికి మధ్యలో తలుపున్న గది అసలే వద్దు, మాటలన్నీ వినిపిస్తాయి. కంపెనీ సైట్లో డెక్ ప్లాన్, అంటే ఓడలో ఏ అంతస్తులో ఏముందో చూపే పటం ఉంటుంది. పైనా కిందా క్యాబిన్లే ఉన్న చోటు, ఓడ మధ్యలో, లిఫ్టులకు కాస్త ఎడంగా చూసుకోండి. ఊపు కూడా అక్కడే తక్కువ. చవగ్గా వస్తుందని ‘గ్యారంటీ క్యాబిన్’ తీసుకోకండి, ఆ టికెట్లో గది ఎక్కడో కంపెనీయే నిర్ణయిస్తుంది. మీలాంటివాళ్లు డబ్బు ఆదా చేయాల్సిన చోటు అది కాదు.

ఇంకో మాట. ఓడలో వారమంతా ఇద్దరూ జంటగానే తిరగాలని ఎవరూ రాయలేదు. ఆయన పదకొండింటి దాకా పాటలు విని వస్తారు, మీరు బాల్కనీలో కూర్చుంటారు. ఎక్కడున్నా గదికి పది నిమిషాల నడకే కాబట్టి టెన్షన్ లేదు. కాకపోతే ముందే అనుకోండి. అక్కడికెళ్లాక ‘నువ్వు రావా?’ అని మొహం చిన్నబుచ్చుకుంటే మళ్లీ పాత గొడవే. రోజుకు ఒక పూట భోజనం, ఒక షికారు కలిసి, మిగతాది ఎవరిష్టం వాళ్లది అని ఒప్పందం చేసుకుంటే చాలామందికి కుదురుతుంది.

అడ్వాన్సు కట్టేముందు, రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుందో, పూర్తి డబ్బు ఎప్పటిలోగా కట్టాలో మీవారి చేత అడిగించండి. సాధారణంగా ఆ గడువు ప్రయాణానికి కొన్ని నెలల ముందే వస్తుంది. ఇవన్నీ విన్నాక కూడా ఆయన ఆ మొదటి ఓడే కావాలంటే, ‘సరే, గది మాత్రం నేను చూస్తాను’ అని చెప్పి డెక్ ప్లాన్ తెరవండి.